ఏడ్చే దిబ్బ మీద విప్పిన బూట్లు

ఒక మనిషి తన శవం కోసం తనే పార పట్టుకుని వెతకడం మీరెప్పుడైనా చూశారా? చూసి ఉండరు. నేను వెతికాను. అదీ డ్యూటీ టైములో, చెమటలు కారేలా, నలభై మందితో కలిసి. కారణం రాసి మరీ అందరికీ పారలు పంచిపెట్టింది కూడా నేనే. ఎలా జరిగిందో చెబుతాను. మీరు మాత్రం మధ్యలో "అంత బుద్ధి లేదా?" అని అడగకండి. లేదు. అప్పుడు లేదు.

డెబ్బైల చివరి మాట. ఖతార్‌లో ఎక్కడ చూసినా చమురు డబ్బు, ఎక్కడ చూసినా గోతులు. మెసయీద్‌లో పైపులైన్లు వేసే ఒక కంపెనీలో నేను స్టోర్‌కీపర్‌ని. స్టోర్‌కీపరే కదా అని తీసిపారేయకండి. క్యాంపులో ఎవడికి బూట్లు కావాలన్నా, చేతి తొడుగులు కావాలన్నా, ఆఖరికి ఒక మేకు కావాలన్నా సత్యమూర్తి సంతకం ఉండాల్సిందే. పాలకొల్లు దగ్గర పల్లెటూరివాణ్ణి, ఇరవై ఆరేళ్ళవాణ్ణి, ఆ సంతకం నాకు బాగా తలకెక్కింది.

ఊరు వదిలేటప్పటికి మా ఆవిడ శారదకి నాలుగో నెల. తర్వాత ఆడపిల్ల పుట్టిందని ఉత్తరం వచ్చింది. చిట్టి అని పిలుస్తున్నారట. పాకిందట, నిలబడిందట, అడుగులు వేస్తోందట. నేను అన్నీ ఉత్తరాల్లోనే చూశాను. ఇరవై నెలలయ్యాక సెలవు అడిగాను. ఆ సెలవు కాగితం మా పెద్ద దొర హెర్మన్ బల్ల మీద ఉంది, నా పాస్‌పోర్టు ఆయన బీరువాలో ఉంది. ఆయన సంతకం పెడితే బొంబాయి విమానం, పెట్టకపోతే మళ్ళీ ఏడాది దాకా మేకులు లెక్కపెట్టుకోవడం. నా బతుకంతా ఆ ఒక్క కాగితం మీద ఉందని గుర్తుపెట్టుకోండి. నేను మర్చిపోయాను కాబట్టే ఈ కథ.

ఇలా ఉండగా శారద దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. "పక్కింటి పార్వతి మొగుడు దుబాయ్ నుంచి ఎర్ర కారు మీద చెయ్యి వేసి ఫొటో దిగి పంపాడు. మీరు పంపిన ఫొటోలో సిమెంటు బస్తాలు చాలా బాగా పడ్డాయి. మీరే సరిగ్గా పడలేదు. పిల్ల నాన్న ఏడీ అంటే బస్తాలు చూపించమంటారా?"

చదివాక రెండు రోజులు అన్నం సయించలేదు. నేనుండేది దుబాయ్ కాదు మొర్రో అని చెప్పి చెప్పి అప్పటికే అలిసిపోయాను. దానికి తోడు బస్తాలు!

మా స్టోర్ గోడకి రెండు మేకుల మీద హెర్మన్ దొర స్కీలు వేలాడుతుండేవి. స్కీలంటే మంచు కొండల మీద కాళ్ళకి కట్టుకుని జారే పొడుగాటి చెక్కలు. ఒకటి ఎరుపు, ఒకటి నలుపు. ఎందుకు జత కుదరలేదని ఒకసారి అడిగితే ఆయన కళ్ళు ఎటో పోయాయి.

"మూర్తీ, అది అగ్నిపర్వతం. పైన పొగ, కిందంతా మంచు. దిగుతుంటే ఎర్రదాని జత ఊడిపోయింది. ఆ పొగలోకి జారిపోతూ ఉంటే చూస్తూ నిలబడ్డాను. ఒంటి చెక్క మీద పొద్దుగూకేదాకా దిగాను. ఈ నల్లది మా తమ్ముడిది. కొండ అడిగితే ఒకటి ఇవ్వాలి, ఇచ్చేశాను. ఇక వీటిని మాత్రం ఎవరికీ ఇవ్వను."

అంత స్పష్టంగా చెప్పాడు మహానుభావుడు.

ఆ ఏడాది దసరాకి నేను స్టోర్‌లో ఆయుధ పూజ చేశాను. చప్పుడు చెయ్యకుండా, తలుపులు వేసుకుని. పసుపు, కుంకుమ, నాలుగు నిమ్మకాయలు తెచ్చింది మా పికప్ డ్రైవర్ మల్లయ్య. జగిత్యాల వైపు మనిషి, పనిమంతుడు, దేవుడంటే ఎంత భక్తో దయ్యమంటే అంత భయం. సుత్తులకి, స్పానర్లకి, వెల్డింగు మిషనుకి బొట్లు పెట్టాను. చేతిలో కుంకుమ మిగిలింది. గోడ మీద స్కీలు కనిపించాయి. ఇవి మాత్రం పనిముట్లు కావా అనుకుని వాటికీ ముందు భాగాన పసుపు రాసి, మూడేసి బొట్లు పెట్టి, తోరం కట్టి, దణ్ణం పెట్టాను.

నా కొంపకి నిప్పు పెట్టుకున్నది ఆ దణ్ణంతోనే. అప్పుడు తెలియలేదు.

దసరా వెళ్ళి మూడు వారాలయ్యాక ఒక శుక్రవారం హెర్మన్ దోహా వెళ్ళాడు. నేను మల్లయ్యని పట్టుకున్నాను.

"మల్లయ్యా, నీ కెమెరాలో రీలుందా?"

"ఉన్నది సారు. ఎందుకు?"

"ఆ ఇసుక కొండ మీద నుంచి నేను స్కీలు కట్టుకుని దిగుతాను. నువ్వు ఫొటో తియ్యి. పార్వతి మొగుడి కారు దీని ముందు ఎందుకు పనికొస్తుంది?"

"ఏ కొండ సారు? గా ఏడ్సే గుట్టనా?" మల్లయ్య మొహం పాలిపోయింది. "నీకేమన్న పిచ్చి లేసిందా? గా గుట్ట మూలుగుతదట. గుల్ ఖాన్ శెవులార ఇన్నడట. లోపల ఎవలో ఉన్నరంటడు."

గుల్ ఖాన్ మా ఫోర్‌మన్, పఠాను. ఆరడుగుల మనిషి. ఆ దిబ్బ దగ్గరికి మాత్రం వెళ్ళేవాడు కాదు.

"ఇసుక మూలగడమేమిటయ్యా, చదువుకున్నవాణ్ణి నేను చెబుతున్నాను, పద!"

చదువుకున్నవాణ్ణి. ఇంటర్ తప్పాను.

మధ్యాహ్నం మూడింటికి బయలుదేరాం. క్యాంపు దాటి అరగంట పోతే ఇక మనిషి జాడ ఉండదు. గాలిలో దుమ్ము తేలుతోంది. సూర్యుడు తెల్లగా, వెలుగు లేకుండా, కడిగి బోర్లించిన కంచంలా ఉన్నాడు. నీడలు లేవు. మా ఇద్దరికీ నీడ లేదని మల్లయ్యే ముందు చూశాడు.

"సారు, మన నీడలేవి?"

"దుమ్ములో నీడలేమిటి, నడు."

పికప్ దిబ్బ ముందు ఆపి, పక్కనుంచి చుట్టూ తిరిగి పైకెక్కాం. శిఖరం కత్తి అంచులా ఉంది. ఒకవైపు వాలు మెల్లగా ఉంది, రెండోవైపు ఒక్కసారిగా కిందికి దిగిపోయింది. గాలి లేదు. పక్షి లేదు. మా ఊపిరి మాకే పెద్దగా వినిపిస్తోంది. ఎవరో వింటున్నారనిపించి గొంతు తగ్గించి మాట్లాడుకున్నాం, ఎందుకో ఇప్పటికీ తెలియదు.

స్కీలు కింద పెట్టాను. బూటు కాలు ఎత్తాను. ఎత్తిన కాలు గాల్లోనే ఆగిపోయింది. స్కీ మీద పసుపు, మూడు బొట్లు, తోరం. నా చేత్తో పూజ చేసిన వస్తువు. దాని మీద బూటు కాలు పెట్టడమా! మా అమ్మ చూస్తే ఏమంటుంది?

మీకు విషయం అర్థమైందా? ఆ చెక్కలకున్న ఇనుప పట్టీలు బూటుని పట్టుకోవడానికే చేశారు. బూటు లేకపోతే అవి దేన్నీ పట్టుకోవు. అది తెలియక కాదు. తెలిసే, గుడి మెట్ల దగ్గర విప్పినట్టు బూట్లు విప్పి, రెండూ పక్కపక్కన వరసగా పెట్టి, స్కీలని కళ్ళకద్దుకుని, వట్టికాళ్ళతో ఎక్కాను. మల్లయ్య తువ్వాలు రెండు ముక్కలుగా చించి నా పాదాలని వాటికి కట్టాడు.

"గట్టిగ కట్టిన సారు. అమ్మవారి మీద భారమెయ్యి."

"నువ్వు ఫొటో మీద దృష్టి పెట్టు. నేను అంచు దాటగానే నొక్కు."

అంచు దాటాను. మొదటి పది గజాలు అద్భుతం. హెర్మన్ దొర కూడా ఇంత బాగా జారి ఉండడనుకున్నాను. ఆ మాట అనుకోవడం పూర్తి కాకుండానే కుడికాలి ముడి జారింది, ఎర్రది నన్ను వదిలేసి ముందుకు వెళ్ళిపోయింది. నల్లది రెండు క్షణాలు ఆలోచించి దాని వెనకే పోయింది. నేను కూర్చున్న చోటే కూర్చుని జారుతున్నాను. నాతోపాటు ఇసుక కూడా, పరిచిన దుప్పటి లాగినట్టు, మొత్తంగా కిందికి కదిలింది.

అప్పుడు మొదలైంది.

ముందు నడుముకి తెలిసింది, తర్వాత చెవులకి. లోపల, చాలా లోతున, ఎవరో నోరు మూసుకుని మూలుగుతున్నట్టు. ఊఁ... అని. సన్నగా మొదలై లావెక్కింది. పళ్ళు కదిలాయి. పొట్టలో పేగులు వణికాయి. నేను జారడం ఆగినా అది ఆగడం లేదు. చెయ్యి ఆనిస్తే అరచేతిలో మూలుగుతోంది. నా ముందు స్కీలు రెండూ కాళ్ళు చాచుకుని పడుకున్నట్టు ఆగాయి. చూస్తూ ఉండగానే పైనుంచి వచ్చిన ఇసుక వాటి మీదుగా మెల్లగా, ఎంతో శ్రద్ధగా పాకి కప్పేసింది. చివరగా కనిపించింది తోరం.

పైనుంచి మల్లయ్య కేక. "సారూ! అమ్మవారు పలుకుతున్నదే! ఉరుకు!"

వాడు ఆ వాలు మీదే పరిగెత్తుకొచ్చాడు. వాడి ప్రతి అడుగుకీ దిబ్బ ఇంకా గట్టిగా మూలిగింది. ఇద్దరం పికప్‌లో ఎప్పుడు పడ్డామో తెలియదు. చదువుకున్నవాణ్ణని చెప్పాను కదా, తలుపు వేసుకోవడం కూడా మర్చిపోయాను. సగం దారికి వచ్చాక కాళ్ళు కాలుతుంటే చూసుకున్నాను.

"మల్లయ్యా, నా బూట్లు!"

"మీద్నే ఉన్నయి. పోయి తెచ్చుకుంటవా?"

 నేను బండి ఆపమనలేదు, వాడు ఆపలేదు. స్టోర్‌కి వచ్చి, నాకు నేనే కొత్త బూట్లు ఇచ్చుకుని, నేనే సంతకం పెట్టుకున్నాను. గోడ మీద ఖాళీ మేకులు నన్నే చూస్తున్నాయి. వాటి మీద ఒక టార్పాలిన్ కప్పాను.

మర్నాడు శనివారం, పని రోజు. పొద్దున్న పదింటికి హెర్మన్ విసురుగా స్టోర్‌లోకి వచ్చాడు. నేను నిలబడ్డాను. గుండె మాత్రం కూర్చుంది.

"మూర్తీ, సర్వేవాళ్ళు ఇప్పుడే వచ్చారు. ఇసుక కొండ శిఖరం మీద ఒక జత బూట్లున్నాయట. మన కంపెనీవే. పక్కపక్కన, శుభ్రంగా, విప్పి పెట్టినట్టు ఉన్నాయట. చుట్టూ ఒక్క అడుగుజాడ లేదు. మనిషి లేడు."

ఆయన నా బల్ల మీదికి వంగాడు. "ఎవరో ఇసుక కింద ఉన్నారు, మూర్తీ. ఏడో నంబరు బూట్లు. ఆ సైజు ఎవరెవరికి ఇచ్చావో చదువు."

అక్కడే చెప్పేసి ఉండవలసింది. నోరు తెరిచాను కూడా. కానీ ఆయన చేతిలో కాగితాల కట్ట ఉంది, పైన నా సెలవు కాగితం కనిపిస్తోంది. నోరు మూసుకుని రిజిస్టరు తెరిచాను. పదిహేడు పేర్లు చదివాను. పద్దెనిమిదో పేరు దగ్గర దగ్గొచ్చింది. ఆ పేరు నాది.

పదిహేడు మందినీ వరసలో నిలబెట్టారు. అందరూ ఉన్నారు. క్యాంపు మొత్తం లెక్కపెట్టారు. ఒక్కడు కూడా తగ్గలేదు. అప్పుడు గుల్ ఖాన్ గడ్డం నిమురుకుంటూ చాలా నెమ్మదిగా అన్నాడు. "సాబ్, ఆద్మీ పూరే హైఁ. ఫిర్ జూతే కిస్‌కే హైఁ?"

మనుషులందరూ ఉన్నారు, మరి బూట్లు ఎవరివి? నలభై మంది ఒకరి కాళ్ళు ఒకరు చూసుకున్నారు.  నిజం తెలిసిన నేను కూడా నా కాళ్ళు చూసుకున్నాను, నమ్మండి.

"పారలు ఇవ్వు, మూర్తీ," అన్నాడు హెర్మన్. "నువ్వూ రా."

నలభై పారలు రాసి ఇచ్చాను. పుచ్చుకున్న కారణం అని ఒక గడి ఉంటుంది. దాంట్లో 'శవం కోసం' అని నా చేత్తో నేనే రాసుకున్నాను.

లారీలో మల్లయ్య నా చెవిలో బుసకొట్టాడు. "చెప్పెయ్ సారు, నీ కాళ్ళు మొక్కుత. నాకు బుగులైతున్నది."

"సెలవు, మల్లయ్యా. నా పిల్లని చూడాలి."

"నిన్ను నువ్వే తవ్వుకునేడిది ఏడనన్న ఉన్నదా?"

దిబ్బ మీద ఇవాళ కూడా నీడలు లేవు. బూట్లు నేను పెట్టినచోటే ఉన్నాయి. అప్పటికే సగం దాకా ఇసుక నిండింది, ఎవరో కనపడని మనిషి కాళ్ళు దూర్చి నిలబడ్డట్టు. వాటి చూపు లోయ వైపు. నా బూట్లే. నాకే వాటి దగ్గరికి వెళ్ళడానికి భయం వేసింది.

అడుగున తవ్వడం మొదలెట్టాం. ఒక పార తవ్వితే పైనుంచి పది పారలు వస్తోంది. కాసేపటికి ఎవడో కేక పెట్టాడు. వాడి చేతిలో తువ్వాలు ముక్క. దాని నిండా ఎర్రటి మరకలు, పసుపు మరకలు.

"ఖూన్!" అన్నాడు గుల్ ఖాన్. పార కింద పడేశాడు.

నెత్తురు కాదు, నా కుంకుమ. నా పసుపు.  సరిగ్గా అప్పుడే పై నుంచి ఇసుక పలకలా కదిలింది. మళ్ళీ మూలుగు మొదలైంది, లోపల్నుంచి, మా కాళ్ళ కిందనుంచి. నలభై మంది పారలు పారేసి లారీల వైపు పరిగెత్తారు. నేనూ నాలుగడుగులు పరిగెత్తి వెనక్కి చూశాను.

హెర్మన్ పరిగెత్తలేదు. మోకాళ్ళ మీద కూర్చుని వట్టి చేతులతో తవ్వుతున్నాడు. యాభై దాటిన మనిషి. ఇసుక ఆయన మీద పడుతోంది, ఆయన తవ్వుతున్నాడు. ఇసుకతో మాట్లాడుతున్నాడు. "వస్తున్నాను. ఓపిక పట్టు. వినిపిస్తోంది నీ గొంతు. ఊపిరి వదలకు, వస్తున్నాను." ఆయన గోళ్ళ దగ్గర రక్తం. ఇది కుంకుమ కాదు.

నా కోసం ఏడుస్తున్నాడండీ ఆయన. కింద ఉన్నది ఎవరో కూడా తెలియకుండానే. నాకు ఏడుపొచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను. సెలవు పోతే పోయింది, పిల్ల ఇంకో ఏడాది ఆగుతుంది అనుకుని వెనక్కి పరిగెత్తి ఆయన చేతులు పట్టుకున్నాను.

"సార్, తవ్వకండి. లోపల ఎవరూ లేరు. ఆ బూట్లు నావి. ఆ మనిషిని నేనే."

ఆయన నా మొహం చూశాడు, కాళ్ళు చూశాడు. మూలుగు మెల్లగా తగ్గి ఆగిపోయింది.

"నువ్వు... బతికే ఉన్నావా?"

"ఉన్నాను సార్. మీ స్కీలే లేవు."

 జరిగిందంతా చెప్పాను. ఫొటో చెప్పాను, సిమెంటు బస్తాలు చెప్పాను, పార్వతి మొగుడి కారు కూడా చెప్పాను.

"ఒక్క విషయం చెప్పు. బూట్లు ఎందుకు విప్పావు?"

"వాటికి పూజ చేశాను సార్. చెప్పుకాలు పెట్టకూడదు."

"నా స్కీలు దొంగిలించొచ్చు. కానీ బూటు కాలు పెట్టకూడదు."

"అవును సార్."

ఆయన ఇసుకలో వెనక్కి పడిపోయాడు. గుండె ఆగిందనుకున్నాను. నవ్వుతున్నాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. "ఆ కొండ నా దగ్గర ఒకటే అడిగింది. నువ్వు దీనికి రెండూ ఇచ్చావు. మూర్తీ, ఈ కొండలు నడుస్తాయి. గాలి వీటిని ఏడాదికి ఇన్ని గజాలని ముందుకు తోస్తుంది. ఇవాళ ముందు మింగింది కొన్నేళ్ళకి వెనకనుంచి కక్కుతుంది. అప్పటిదాకా నువ్వే కాపలా. సెలవుకి వెళ్ళు, కానీ తిరిగి రా. నా స్కీలు నా చేతికి ఇవ్వు."

ఆ సాయంత్రం సంతకం పెట్టాడు. వస్తువులు పోయినప్పుడు రాసే ఫారం కూడా నా చేత రాయించాడు. పోయిన కారణం దగ్గర ఏం రాయాలో తోచక 'భక్తి' అని రాశాను.

ఈ గొడవలో పడి ఫొటో సంగతి మర్చిపోయాను. మల్లయ్య మర్చిపోలేదు. నేను దిగులుగా తిరుగుతున్నానని, దోహాలో రీలు కడిగించి, కవరు కూడా విప్పి చూడకుండా, మా వైపు వెళుతున్న ఒకాయన చేతికిచ్చి పంపేశాడట. ఆ మాట నాకు విమానాశ్రయంలో చెప్పాడు. "పోయినంక అక్క ఎంత ఖుషి అయితదో చూడు సారు."

ఇంటికి చేరాను. వాకిట్లోనే నిలబడిపోయాను. శారద నన్ను చూసి నవ్వాలో ఏడవాలో తెలియక కొంగు నోట్లో కుక్కుకుంది. తలుపు పట్టుకుని బుడిబుడి అడుగులతో చిట్టి బయటికి వచ్చింది. ఇరవై నెలలుగా ఆ క్షణం కోసమే బతికాను. వంగి చేతులు చాపాను.

చిట్టి నా మొహం వైపు చూడనైనా చూడలేదు. తిన్నగా వచ్చి, నేల మీద చతికిలబడి, నా రెండు బూట్లనీ చిన్నచేతులతో కావలించుకుని, "నాన్న!" అంది.

నేను శారద వైపు చూశాను. ఆవిడ గోడ వైపు చూపించింది. దేవుడి పటం పక్కన ఫొటో. ఆకాశం, ఇసుక అంచు, దాని మీద వరసగా నా బూట్లు రెండు. మనిషి లేడు. నేను అంచు దాటిన తర్వాతే నొక్కాడు మల్లయ్య, చెప్పినట్టే.

"కవరు విప్పగానే మీ అమ్మగారు స్పృహ తప్పి పడిపోయారు," అంది శారద. "మర్నాడు వస్తున్నానంటూ మీ ఉత్తరం వచ్చింది కాబట్టి సరిపోయింది. ఉన్న ఫొటోలు ఆ రెండేనాయె. పిల్ల నాన్న ఏడీ అంటే ఏం చూపించమంటారు? బస్తాలకంటే బూట్లు నయం కదా!"

ఆ సెలవు రెండు నెలలూ ఇంట్లో బూట్లు విప్పనివ్వలేదు నా కూతురు. విప్పితే నన్ను వదిలేసి వాటి దగ్గరికి వెళ్ళిపోయేది. అందుకని పెద్దల సమక్షంలో, తూర్పు వైపు తిరిగి, నీళ్ళు వదిలి మరీ ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట పూజ చేసిన దాని మీద ఎక్కను. ఎక్కినా బూట్లు విప్పను. విప్పవలసి వస్తే ముందు మొహానికి ఫొటో దిగి, ఆ తర్వాతే విప్పుతాను.